ముప్పై ఐదో వంతు చరిత్ర

ప్లాస్టిక్ ట్యాంకుల నమూనాలు కట్టేవాళ్ళ లోకంలో 1/35 అన్న అంకెకి ఎదురులేదు. అసలు ట్యాంకులో ముప్పై ఐదు సెంటీమీటర్లున్నది నమూనాలో ఒక్క సెంటీమీటరు. జపాన్, చైనా, ఇటలీ, రష్యా, ఉక్రెయిన్, ఏ దేశపు పెట్టె చూసినా మూత మీద ఒక మూల ఎక్కువగా ఇదే అంకె. మిగతా స్కేళ్ళ వెనక ఒక లెక్క ఉంది. 1/72 అంటే ఆరడుగులకి అంగుళం, దాదాపు మనిషెత్తుకి అంగుళం అన్నమాట. 1/48 అంటే అడుగుకి పావు అంగుళం. 1/32 కూడా అలా అడుగులూ అంగుళాల్లోంచి వచ్చిందే. ముప్పై ఐదు మాత్రం అంగుళాల్లో ఇమడదు, మీటర్ల లెక్కలో గుండ్రటి అంకె కూడా కాదు. పాత కోడ్‌లో ఎవరో వివరణ రాయకుండా వదిలేసిన సంఖ్య లాంటిది. దాని మీద ఇంకా చాలా కట్టేశారు కాబట్టి ఇప్పుడెవరూ ముట్టుకోరు. అసలెందుకొచ్చిందయ్యా అంటే, లోపల రెండు బ్యాటరీలు పట్టాలి కాబట్టి.

టామియా కుటుంబానిది జపాన్‌లోని షిజుఓకాలో కలప వ్యాపారం. 1946లో యోషియో టామియా పెట్టిన కంపెనీ 1948 నుంచి చెక్క నమూనాలు కూడా అమ్మేది. 1951లో కలప గిడ్డంగి తగలబడింది. ఆ దెబ్బ నుంచి తేరుకోలేక 1953కల్లా కలప అమ్మకం మానేసి నమూనాలనే నమ్ముకున్నారు. అంతలోనే అమెరికా నుంచి ప్లాస్టిక్ కిట్లు వచ్చిపడ్డాయి. రోజుల తరబడి చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, తీరా చూస్తే ఓడలా ఉండీ ఉండని చెక్క ముక్కకీ, పెట్టె తెరవగానే మేకులతో సహా కనిపించే ప్లాస్టిక్ ముక్కకీ పోటీ ఏముంటుంది? 1960లో టామియా కూడా ప్లాస్టిక్‌లోకి దిగింది. మొదటి కిట్ యమాటో యుద్ధనౌక. దానికి 500 యెన్లు ధర పెడదామనుకుంటే, పోటీ కంపెనీ అదే ఓడని 350కి మార్కెట్లో పెట్టింది. వీళ్ళూ 350కి దిగారు. అచ్చుల మీద పెట్టిన డబ్బు కూడా రాలేదు.

తర్వాతి ప్రయత్నం పాంథర్ ట్యాంకు. యోషియో కొడుకు షున్‌సాకు టామియా దాన్ని మోటారుతో నడిచే బొమ్మగా రూపొందించాడు. పెట్టె మీద బొమ్మ వేయడానికి పిల్లల పత్రికల్లో యుద్ధ చిత్రాలతో అప్పటికే పేరున్న షిగేరు కొమత్సుజాకిని అడిగితే ఆయన ఒప్పుకున్నాడు. కిట్ బాగా అమ్ముడుపోయింది. దాంతో ఇంకొన్ని ట్యాంకులు అదే స్కేల్లో చేద్దామనుకున్నారు. అప్పుడు పుట్టింది అసలు ప్రశ్న: ఇంతకీ ఇది ఏ స్కేలు? కొలిచి చూస్తే ఇంచుమించు 1/35 అని తేలింది. మోటారూ గేర్లూ రెండు బ్యాటరీలూ పట్టేటంత పెట్టె కావాలని చేసుకున్న పరిమాణమే తప్ప దాని వెనక వేరే ఆలోచన ఏమీ లేదు. ఈ సంగతి షున్‌సాకు తన జ్ఞాపకాల్లో దాపరికం లేకుండా చెప్పుకున్నాడు. ఆయన 2025 జులైలో తొంభయ్యో ఏట పోయాడు. ప్రపంచంలో ఎన్ని అచ్చు పరిశ్రమలు ఆయన బ్యాటరీల కొలతకి కట్టుబడి నడుస్తున్నాయో! 2003లో టామియానే స్వయంగా 1/48లో మిలిటరీ వాహనాల వరస మొదలుపెట్టింది. చిన్న ఇళ్ళకి సరిపోయే సైజు, విమానాల పక్కన పెట్టుకోవచ్చు. అయినా 1/35 సింహాసనం కదల్లేదు.

పాత కిట్ చేతికొస్తే ముందు తిరగేసి అడుగు చూడాలి. 1960లు, 70ల టామియా ట్యాంకుల్లో చాలావాటి అడుగున స్విచ్ కోసం ఒక గాడి, గేరుపెట్టె బిగించడానికి కన్నాలు ఉంటాయి. నేలమీద పాకడానికి పుట్టిన బొమ్మ అది. తర్వాత మోటారు తీసేసి షోకేస్ నమూనాగా అమ్మినా అచ్చు అదే కాబట్టి ఆ కన్నాలు మిగిలిపోయాయి. ఇంకో గుర్తు: ట్రాకుల పైకి పొడుచుకొచ్చే భాగానికి అడుగు పలక ఉండదు. పైనుంచి చూస్తే నిండైన ట్యాంకు, పక్కనుంచి వంగి చూస్తే డొల్ల. 1980ల మొదట్లో వచ్చిన టామియా షెర్మన్‌లో కూడా ఇదే కథ. ఆ షెర్మన్ని ఎన్ని లక్షల మంది కట్టి ఉంటారోగానీ, ఆ డొల్లని ప్లాస్టిక్ షీటు కోసి మూయడం ఒక తరం అభిరుచిపరులకి దాదాపు ఉపనయనం లాంటిది.

ట్రాకులు మరీ విచిత్రం. పాత కిట్లలో అవి నల్లటి రబ్బరు లాంటి వినైల్‌తో ఒక్క పొడుగు పట్టీగా వచ్చేవి. రెండు కొసలూ కలిపి, స్క్రూడ్రైవర్ మొన వేడిచేసి, పైకి పొడుచుకొచ్చిన చిన్న మొలకల్ని నొక్కి అణగ్గొట్టమని కాగితంలో బొమ్మ వేసి మరీ చూపించేవాళ్ళు. పిల్లల కోసం చేసిన వస్తువులో సూచన అది! అసలు టైగర్ ట్యాంకుకి ఒక్కో పక్క తొంభయ్యారు ఉక్కు లింకులు. ఆ బరువుకి పై వరస చక్రాల మీదికి ఊయల తాడులా వాలి ఉంటుంది. వినైల్ పట్టీ వాలదు, బిర్రుగా గాల్లో నిలబడుతుంది. కొన్ని కిట్లలో అయితే ఏళ్ళు గడిచేకొద్దీ ఆ వినైల్‌లోని రసాయనం పక్కనున్న ప్లాస్టిక్ చక్రాలని మెల్లగా కరిగించేది కూడా.

ఇవన్నీ చూసి పాతవాళ్ళకి శ్రద్ధ లేదనుకుంటే పొరపాటు. షున్‌సాకు టామియా 1960లలోనే అమెరికాలోని అబర్డీన్ సైనిక సంగ్రహాలయానికి వెళ్ళి, ఆరుబయట నిలబెట్టిన ట్యాంకుల చుట్టూ కెమెరాతో తిరిగొచ్చాడు. ట్యాంకు కాదుగానీ, 1976లో వచ్చిన పోర్షే 934 కారు కిట్ కోసం కంపెనీ ఒక నిజం పోర్షే 911నే కొని విప్పదీసింది. శ్రద్ధకి లోటు లేదు. చేతిలో ఉన్న పనిముట్టే వేరు. అప్పట్లో ముందు చెక్కతో, నమూనాకి రెండు మూడింతల పెద్ద ప్రతి చెక్కేవాళ్ళు. పాంటోగ్రాఫ్ అనే యంత్రంలో ఒక చెయ్యి ఆ పెద్ద ప్రతి మీద తడుముతూ పోతుంటే రెండో చెయ్యి అదే కదలికని తగ్గించి లోహంలో చెక్కుతుంది. చెక్కిన మనిషి చేతివాటం అంతా అచ్చులోకి దిగుతుంది. వెల్డింగ్ గీత ఎంత గరుకుగా ఉండాలి, పోతపోసిన టరెట్ మీద ఇసుక అచ్చు గుర్తులు ఎంత కనపడాలి అన్నది కొలతలు తేల్చే సంగతి కాదు, ఆ పనివాడి అభిరుచి. ఇప్పుడు కంప్యూటర్లో గీసిన ఆకారాన్ని యంత్రమే ఎలక్ట్రోడుగా మలుస్తుంది. ఆ ఎలక్ట్రోడు నూనెలో మునిగిన ఉక్కుదిమ్మ మీద నిప్పురవ్వలతో అదే ఆకారాన్ని తొలుస్తుంది. పైగా రెండు వైపులనుంచి మూసుకునే అచ్చుకి పక్కనుంచి జరిగే ముక్కలు కూడా చేర్చారు. హాంగ్‌కాంగ్ డ్రాగన్ కంపెనీ 2000లలో దీన్ని విరివిగా వాడింది. అంతకుముందు ఫిరంగి గొట్టం అంటే రెండు చీలికలు అతికించి, అతుకు కనపడకుండా రుద్ది, మూతి డ్రిల్లుతో తొలుచుకోవాల్సిందే. ఇప్పుడు ఒకే ముక్క, మూతి ముందే తెరిచి ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. టైగర్ ముందు కవచం 100 మిల్లీమీటర్ల ఉక్కు. 1/35లో అది మూడు మిల్లీమీటర్లకి కాస్త తక్కువ. ప్లాస్టిక్‌కి అదేమీ కష్టం కాదు. కానీ అదే బండి మీద మూడు మిల్లీమీటర్ల రేకు ఉందనుకోండి, స్కేల్లో అది 0.1 మిల్లీమీటరు కూడా కాదు. అంత సన్నటి సందులోకి కరిగిన ప్లాస్టిక్ పారదు. అందుకని పాత కిట్లలో మడ్‌గార్డు ఒక మిల్లీమీటరు మందం ఉండేది. అసలు బండి మీద ఊహించుకుంటే మూడున్నర సెంటీమీటర్ల రేకు! కవచాన్నీ రేకునీ ఒకే దళసరిలో పోసిన పాత కిట్ చూసి పెరిగిన పిల్లవాడికి ట్యాంకు అంటే నఖశిఖపర్యంతం అభేద్యమైన దిమ్మ. ఫొటోల్లో నలిగి, వంగి, సగం ఊడి వేలాడే మడ్‌గార్డులు చూసినప్పుడుగానీ అది కూడా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన, తుప్పుపట్టే, చిరిగే వస్తువని తెలియదు. కొత్త కిట్లలో ఈ రేకులకి రసాయనంతో కొరికించిన ఇత్తడి పలకలు ఇస్తున్నారు. అవి వేలితో తాకితే వంగుతాయి. చెయ్యి జారి వంగిందా, యుద్ధంలో వంగిందని చెప్పుకోవచ్చు.

పనిముట్ల సంగతి అలా ఉంచితే, తెలిసిన విషయమే తక్కువగా ఉండేది. ప్రచ్ఛన్నయుద్ధం రోజుల్లో సోవియట్ ట్యాంకు కిట్ చేయాలంటే పెద్ద ఆధారం మాస్కో ఎర్ర కూడలిలో పెరేడ్ ఫొటోలు. టి-72 మొదటిసారి జనం కంటపడింది 1977 నవంబరు పెరేడ్‌లో. పెరేడ్ ఫొటోలో ట్యాంకు ముందూ పక్కా కనిపిస్తాయి. వెనక భాగం, ఇంజను మూత, అడుగు, లోపల ఏముందో ఎవరికి తెలుసు? కాబట్టి ఆనాటి కిట్లలో ముందు భాగం ఫర్వాలేదు, వెనక్కి వెళ్ళేకొద్దీ కల్పన పెరుగుతుంది. ఈ జాతి కల్పనకి పరాకాష్ఠ ట్యాంకు కాదు, విమానం. 1986లో అమెరికన్ కంపెనీ టెస్టర్స్ రాడార్‌కి చిక్కని రహస్య విమానం ఇలా ఉంటుందంటూ ఎఫ్-19 పేరుతో కిట్ అమ్మింది. నున్నటి వంపులు, లోపలికి వాలిన తోకలు. పెద్ద సంచలనం, కాంగ్రెస్‌లో దాని మీద చర్చ కూడా జరిగింది. రెండేళ్ళ తర్వాత 1988 నవంబరులో ప్రభుత్వం ఎఫ్-117 ఫొటో విడుదల చేస్తే, అది వంపులే లేని, పలకలు పలకలుగా చెక్కిన వజ్రంలా ఉంది. ఎఫ్-19 అన్న విమానమే లేదు. అయినా నాకు ఆ కిట్ తప్పు అనబుద్ధి కాదు. 1986లో జనం ఒక రహస్యాన్ని ఎలా ఊహించుకున్నారో తెలియడానికి దాన్ని మించిన పత్రం లేదు.

సోవియట్ యూనియన్ పడిపోయాక మాస్కో దగ్గరి కుబింకా ట్యాంకుల సంగ్రహాలయం 1990లలో జనానికి తలుపులు తెరిచింది. అదే కాలంలో థామస్ జెంట్జ్, హిలరీ డోయల్ లాంటి పరిశోధకులు జర్మన్ ట్యాంకుల గురించి అప్పటిదాకా ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి ఎత్తి రాసుకుంటూ వచ్చిన కబుర్లని పక్కనపెట్టి, అసలు దస్తావేజులూ మిగిలిన బండ్ల కొలతలూ ఆధారంగా మళ్ళీ మొదట్నుంచి రాశారు. పాంథర్ మీద వాళ్ళ పుస్తకం 1995లో వచ్చింది. ఏ నెలలో ఏ ఫ్యాక్టరీలో ఏ బోల్టు మారిందో కూడా అందులో దొరుకుతుంది. ఆ తర్వాత కిట్ల పెట్టెల మీద పేర్లే మారిపోయాయి. ఒకప్పుడు 'పాంథర్'. ఇప్పుడు 'పాంథర్ ఫలానా రకం, తొలి ఉత్పత్తి' లేకపోతే 'మధ్య ఉత్పత్తి'. అయస్కాంతపు మందుపాతరలు అంటుకోకుండా జర్మన్లు 1943 రెండో సగం నుంచి 1944 సెప్టెంబరు దాకా ట్యాంకులకి సిమెరిట్ అనే గచ్చు లాంటి పూత పూసేవారు. పాత కిట్ కట్టేవాళ్ళు పుట్టీ మెత్తి, స్క్రూడ్రైవర్‌తో గాట్లు పెట్టుకునేవాళ్ళు. తర్వాత అది ప్లాస్టిక్‌లోనే పోతపోసి రాసాగింది. ఇప్పుడు సెప్టెంబరు తర్వాత తయారైన బండికి ఆ పూత ఉంటే ఏదో ఒక గుంపులో ఎవరో ఒకరు ఊరుకోరు.

తెలుగు సాహిత్యం చదివేవాళ్ళకి ఈ గొడవ కొత్తగా అనిపించదు. తాళపత్ర ప్రతులు పక్కపక్కన పెట్టి పాఠాంతరాలు చూసుకుంటూ వేమన పద్యాలు అచ్చువేసిన బ్రౌన్ దొర రోజుల నుంచీ మనం చేస్తున్న పనే. ఏది మూలం, ఏది ప్రక్షిప్తం? ట్యాంకుల్లో ఈ ప్రశ్న ఇంకా తమాషాగా ఉంటుంది. ఇంగ్లండ్‌లోని బావింగ్టన్ సంగ్రహాలయంలో టైగర్ 131 ఉంది. 1943 ఏప్రిల్‌లో ట్యునీసియాలో బ్రిటిష్ సేనలకి చిక్కింది. ఇప్పటికీ నడుస్తుంది. 2014లో వచ్చిన ఫ్యూరీ సినిమాలో కనిపించిన టైగర్ అదే. కొత్త టైగర్ కిట్ చేయాలనుకునే ఎవరికైనా అదే మూలప్రతి. అయితే దాని సొంత ఇంజన్ని ఒకప్పుడు ప్రదర్శన కోసం కోసేశారు. అందుకని మళ్ళీ నడిపించేందుకు అదే సంగ్రహాలయంలోని కింగ్ టైగర్ ఇంజను తెచ్చి పెట్టారు. అంటే ఆ బండి ఇంజను మూత ఎత్తి స్కాన్ చేసినవాడికి దొరికేది 1943 నాటి పాఠం కాదు, పరిష్కర్తల పాఠం. లేజరు ఎంత సూక్ష్మంగా కొలిచినా ఇది చెప్పదు. మళ్ళీ దస్తావేజుల దగ్గరికే వెళ్ళాలి.

కొత్త కిట్ కట్టడం ఎలా ఉంటుందంటే... రై ఫీల్డ్ కంపెనీ టైగర్, మినీఆర్ట్ వాళ్ళ టి-54 లాంటివి లోపలి భాగాలన్నిటితో వస్తాయి. సీట్లు, గేర్లు, ఫిరంగి గుళ్ళ అరలు, ఇంజను గొట్టాలు. ముక్కలు వెయ్యి దాటుతాయి. ట్రాకు లింకులు విడివిడిగా ఉంటాయి, టైగర్‌కైతే 192. ఒక్కో లింకునీ చట్రం నుంచి కత్తిరించి, కత్తిరించిన చోట రుద్ది, అతికించాలి. రోజంతా ఆఫీసులో ఒకే రకం టెస్టులు రాసి వచ్చినవాణ్ణి నేను. రాత్రి కూర్చుని 192 సార్లు ఒకే పని చేయడం విశ్రాంతి అని నాకెవరూ నమ్మకంగా చెప్పలేకపోయారు. అయినా నూరో లింకు దాటాక ఒక సంగతి ఒంటికి తెలుస్తుంది: ఈ బండి లింకు పిన్ను విరిగితే బురదలో, చలిలో ఎవరో నలుగురు కుర్రాళ్ళు ఇదే పని కిలోల బరువుతో చేశారు. వినైల్ పట్టీ ఆ సంగతి ఎప్పటికీ చెప్పదు. కొత్త కిట్ల వైపు నేను మొగ్గేది ప్రధానంగా అందుకే.

కానీ లోపలి భాగాల విషయంలో నాకు అనుమానాలున్నాయి. నెల రోజులు రంగులేసి అమర్చిన ఇంజను గది మీద చివరికి పై కప్పు అతికించేస్తాం. మూత సందులోంచి టార్చి వేస్తే సీటు అంచు కనిపిస్తుంది, అంతే. లోపల ఉందని నాకు తెలుసు కదా అంటారు కొందరు. నిజమే, కానీ అది భక్తి కోవలోకి వస్తుంది. 2016లో టామియా కొత్తగా చేసిన షెర్మన్ ఈజీ ఎయిట్ దీనికి పూర్తి వ్యతిరేకం. ఆకారం కచ్చితంగా ఉంది, డొల్ల లేదు, ముక్కలు ఒకదాంట్లో ఒకటి క్లిక్కుమని కూర్చుంటాయి. ట్రాకులు మాత్రం రబ్బరు పట్టీలే! వాళ్ళకి చేతకాక కాదు. శనివారం పొద్దున మొదలుపెట్టినవాడు ఆదివారం రాత్రికి పూర్తిచేయాలన్నది ఆ ఇంటి పద్ధతి. కచ్చితత్వానికి ఎక్కడ ఆగాలో తెలిసిన కిట్ అది. తెలుగు నవలల్లో కూడా పరిశోధన ఎక్కడ ఆపాలో తెలిసినవి తక్కువే.

పాతవాటిలోనూ కొత్తవాటిలోనూ మారనిది ఒకటుంది. 1945లో ఓడిన జపాన్‌లో, పదిహేను పదహారేళ్ళు తిరిగేసరికి ఒక కంపెనీ తన మొదటి ట్యాంకుగా జర్మన్ పాంథర్‌ని ఎంచుకుంది. వాలు పలకలు, పొడుగు ఫిరంగి, చూడ్డానికి బాగుంటుంది. అప్పట్నుంచి ఈనాటికీ దుకాణాల అరల్లో జర్మన్ బండ్లదే రాజ్యం. ఒకే రకం ఉప రకాలకి పదేసి కిట్లు. జర్మన్లు అన్నిటికంటే ఎక్కువగా చేసిన ట్యాంకు పాంజర్ 4, ఎనిమిది వేల పైచిలుకు. వాటిలో చాలా భాగం ఆస్ట్రియాలోని సెయింట్ వాలెంటిన్ దగ్గర నీబెలుంగెన్ కర్మాగారంలో తయారయ్యాయి. 1944 నుంచి అక్కడ పనిచేసినవాళ్ళలో మౌట్‌హౌజెన్ నిర్బంధ శిబిరపు ఖైదీలున్నారు. వాళ్ళ కోసం అక్కడే ఉపశిబిరం పెట్టారు. ఫలానా ఫ్యాక్టరీ బండికి ఫలానా రకం చక్రం అని నాకు చెప్పే కొత్త కిట్ సూచనల పుస్తకం, ఆ చక్రం ఎవరు బిగించారో చెప్పదు. పాత కిట్‌కి ఒక సాకు ఉంది, దానికి ఫ్యాక్టరీ పేరే తెలియదు. ఫ్యాక్టరీ పేరు తెలిసిన కిట్‌కి ఆ సాకు లేదు. కచ్చితత్వం పెరిగేకొద్దీ ఈ మౌనం నాకు ఇంకా గట్టిగా వినిపిస్తోంది.

మనుషులు అసలే లేరని కాదు. 1968లో టామియా మొదలుపెట్టిన మిలిటరీ మినియేచర్స్ వరసలో ఒకటో నంబరు ట్యాంకు కాదు, జర్మన్ ట్యాంకు సిబ్బంది బొమ్మలు. 1970ల్లో మోనోగ్రామ్ కంపెనీ తన ట్యాంకు కిట్లలో షెపర్డ్ పెయిన్ చేసిన దృశ్యాల ఫొటోలూ చిట్కాలూ ఉన్న కాగితం పెట్టేది. అవి చూసే ఎంతోమంది ట్యాంకు చుట్టూ గోడ, చెట్టు, అలసిన సైనికుడు పెట్టడం నేర్చుకున్నారు. అయితే ఆ మనుషులు దాదాపు అందరూ యూనిఫారంలో ఉన్నవాళ్ళే.

ఇప్పుడు బి.ఎం.పి-2 సంగతి చూడండి. సోవియట్ పదాతిదళ వాహనం. 'శరత్' పేరుతో మన దగ్గర తయారయ్యేది సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని మెదక్ ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో. హైదరాబాద్ ఐటీ ఆఫీసుల నుంచి కారులో గంటా గంటన్నర దూరం. దాని నమూనా కావాలంటే చైనా ట్రంపెటర్ పెట్టె, లేకపోతే మాస్కో పక్కన లోబ్న్యాలో ఉన్న జ్వెజ్దా కంపెనీ పెట్టె తెప్పించుకోవాలి. 2022లో మొదలైన యుద్ధంలో ఈ బి.ఎం.పి-2లు రెండు పక్షాల్లోనూ ఉన్నాయి. కిట్లు చేసేవాళ్ళూ రెండు పక్షాల్లోనూ ఉన్నారు. లోబ్న్యాలో జ్వెజ్దా, కీవ్‌లో మినీఆర్ట్, ఐసీఎం. దశాబ్దాలుగా ఒకే అభిరుచిపరుడి బల్లమీద ఈ కంపెనీల చట్రాలు పక్కపక్కన పడి ఉండేవి, ఒకదాని చక్రం ఇంకోదానికి సరిపోతుందేమో అని చూసుకునేవాళ్ళం. అరవై ఏళ్ళుగా ఈ వ్యాపారం నడిచింది యుద్ధానికీ కిట్‌కీ మధ్య ఉన్న దూరం మీద. షిజుఓకాలో పాంథర్ అచ్చు పోసినవాళ్ళ మీద అప్పుడు బాంబులు పడటం లేదు. కీవ్‌లో యుద్ధట్యాంకు నమూనా పెట్టెలో సర్దుతున్న మనిషికి ఆ దూరం లేదు.

ఆ దూరం పోకముందే ఐసీఎం మొదలుపెట్టిన ఒక వరస ఉంది. పేరు చెర్నోబిల్. అందులో ట్యాంకులు లేవు. రేడియేషన్ కొలిచే లారీ, అగ్నిమాపక సిబ్బంది, రియాక్టరు శిథిలాలు ఎత్తిపోసిన మనుషులు. అందులో ఒక పెట్టెలో మామూలు జనం: నలుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల, సామాన్లు. ప్రిప్యాత్ నగరాన్ని ఖాళీ చేయించింది 1986 ఏప్రిల్ 27న. మూడు రోజుల్లో తిరిగొస్తారని చెప్పి, వెయ్యికి పైగా బస్సుల్లో దాదాపు 49 వేలమందిని ఎక్కించారు. పెద్దవాళ్ళ బొమ్మలు ఐదు సెంటీమీటర్లకి అటూ ఇటూ. మిగతా ట్యాంకుల పక్కన పెట్టుకోగలగాలి కాబట్టి వీటి స్కేలు కూడా 1/35.